ణ తో మొదలయ్యే పేర్లు

మొదటి గడిలో అమ్మాయి అని నొక్కాను.
రెండో గడిలో హస్త, మూడో పాదం.
మూడో గడి దానంతటదే నిండింది: ణ.
వెతకమన్నాను.
ఫోను కాసేపు గింగిరాలు తిరిగి
సున్నా పేర్లు దొరికాయంది.
సున్నా దొరకడమేమిటో!

ఆటోనగర్లో ఇరవై రెండేళ్లుగా
లారీల నుదుటి మీద పేర్లు రాస్తున్న చెయ్యి ఇది.
ఎవరెవరి పిల్లలో, లోహిత, జశ్వంత్, చిన్ని,
పసుపు మీద ఎరుపు, ఎరుపు పక్కన తెల్లని నీడ,
నాగపూర్ దాకా వెళ్లి దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చేవి.
ణ నాకు బాగా తెలుసు.
మధ్యలో కుంచె ఎత్తితే చెడిపోయే అక్షరం.
బాణంలో, ఋణంలో, ప్రాణంలో
ఎప్పుడూ వెనక సీటే దానికి.
ముందు కూర్చోగా ఏ బండి మీదా చూళ్లేదు.

ఇంకో యాప్ దించాను.
ణ లేకపోతే న తో సర్దుకోమంది.
నైరా అంటే వెలుగంది.
పక్క యాప్‌లో నైరా అంటే పెద్ద కళ్లు,
ఆ పక్కదాంట్లో గులాబీ.
చివర ఇంకో హెచ్ తగిలిస్తే
అదృష్టం ఎనభై ఏడు శాతమట.
అక్షరానికి నలభై రూపాయలు నేనూ తీసుకుంటాను,
అదృష్టం మాట ఎవరికీ చెప్పలేదు.

మా నాన్న పేరు పేరయ్య.
ఆయన కోసం ఎవరూ వెతికి ఉండరు.
పేరేం పెడదామని ఎవరో అడిగితే
అదే పెట్టేసినట్టున్నారు.

తెల్లారగట్ల వేడినీళ్లు తెచ్చిన ఆయా మార్తమ్మ
నా భుజం మీంచి తొంగిచూసింది.
"ఎన్నింటికి పుట్టిందని కొట్టావయ్యా?"
"నిన్న నాలుగూ పదిహేడు. కాన్పుగది గడియారం చూసే."
"అది అయిదు నిమిషాలు ముందుంటది.
డ్యూటీకి ఆలస్యం కాకూడదని మేమే జరిపాం."

నాలుగూ పన్నెండు కొట్టాను.
ష.
ఒక్కసారిగా మూడు వందల పద్నాలుగు పేర్లు
పెళ్లికొచ్చిన చుట్టాల్లా తోసుకుంటూ వచ్చాయి.

సంతోషించాలి కదా.
రాత్రంతా భుజాన వేసుకు తిప్పిన బిడ్డని
ఇది మీది కాదు, ఇచ్చేయమన్నట్టు
ణ మీద ఎందుకో జాలేసింది.

కిటికీ కింద మొదటి సిటీ బస్సు ఆగి ఉంది.
ముందద్దం మీద బోర్డు: కృష్ణలంక.
ఎన్ని వందలసార్లు రాశానో ఆ మాట!
ష కింద, వత్తుగా ఒదిగి, ణ.
అయిదు నిమిషాల తేడాతో పుట్టినవి రెండూ
ఏటి పేరులో ఒకే చోట కాపురముంటున్నాయి,
నా కుంచె కిందే,
నాకే కనపడకుండా.

దుర్గ లేచింది.
"దొరికిందా?"
"అక్షరాలు దొరికాయి. పేరే ఇంకా."
ఫోను లాక్కుని దిండు కింద పెట్టి
పాపని నా ఒళ్లో పెట్టింది.
"కార్పొరేషన్ కాగితంలో ఆ గడి ఖాళీగా ఉంచొచ్చంట.
ఏడాది గడువుంది. ముందు దీన్ని పట్టుకో."

గోరు చుట్టూ ఎర్ర ఎనామిల్ ఇంకా పోని వేలితో
ఆ చిన్న వీపు మీద రాశాను,
ష, కింద ణ.
ముందొక అక్షరానికీ
వెనకొక అక్షరానికీ చోటు వదిలి.

పాప తుమ్మింది.
ఒకటే తుమ్ము.
రెండోదాని కోసం
మార్తమ్మ కూడా బకెట్టు పట్టుకుని ఆగింది.