మూడు గిన్నెల క్యారేజీ

నాన్న రైలు డ్యూటీకి అన్నం మోసిన క్యారేజీ ఇది.
నౌపడా నుంచి గుణుపురం దాకా
చిన్న పట్టాల బండి నడిచిన రోజులది.
మూతమీద ఆయన పేరు
సుత్తీ మేకుతో చుక్కలు చుక్కలుగా.
చింతపండుతో తోమాను, పప్పు వాసన పోలేదు.
పోనీలే, అది కూడా లోపలికే.

మౌక్తికకు రేపు ఏడాది.
పద్దెనిమిది నిండాక తనే తెరవాలని
హేమా నేనూ అనుకున్నాం.
ఏం పెట్టాలో మాత్రం
ఇంత రాత్రయినా తేలలేదు.

అడుగు గిన్నెలో
ఆసుపత్రివాళ్ళు చేతికి కట్టిన పట్టీ,
రెండు కిలోల మూడువందలు అని పెన్నుతో రాసినది.
ఇప్పుడది నా బొటనవేలికి కూడా పట్టదు.
ఒకసారి తెగితే మళ్ళీ ముడేసిన మొలతాడు.
గుప్పెడు చోళ్ళు.
మొదటిసారి చోడిజావ పట్టినరోజు
సగం నా చొక్కామీదే ఊసింది.
ఆ చొక్కా కూడా పెట్టమంది హేమ,
నాకున్నవే నాలుగు అన్నాను.

నడిమి గిన్నెలో
ఒడియా కేలండరు మూల ఒకటి.
పళ్ళు రాకముందు చిగుళ్ళతో నమిలి నమిలి
రెండు సోమవారాలు మింగేసింది.
సంతలో సవర ముసలామె
కొసరు నాకివ్వకుండా
పిల్ల గుప్పిట్లో పెట్టిన పసుపుకొమ్ము.
నవ్వులు దాచిన మెమరీ కార్డు.
దాన్ని వినిపించే యంత్రం అప్పటికి ఉంటుందో ఉండదో,
పసుపుకొమ్ము మాత్రం పసుపుకొమ్ములాగే ఉంటుంది.

రాత్రి బండి కూత వినగానే
ఏడుపు మధ్యలో ఆపి చెవి ఒగ్గుతుంది చూడండి,
అది ఏ గిన్నెలోనూ పట్టలేదు.

పై గిన్నె ఉత్తరానికి.
ఇక్కడే ఆగిపోయాం.
నేను పాతపట్నంలో చదివినవాణ్ణి,
తెలుగులో రాస్తే రేపు పిల్ల చదవలేదు,
దాని బడి ఒడియాది.
హేమ ఒడియాలో రాస్తే నేను చదవలేను.
ఇంట్లో అందరం తెలుగులోనే తిట్టుకుంటాం,
కాగితం తీస్తే ఎవరి ఒడ్డు వాళ్ళది.
చివరికి హేమ
మా మాటల్నే ఒడియా అక్షరాల్లో పెట్టింది.
గుండ్రటి గొడుగుల కింద వరసగా నడిచి వెళ్తున్నవి
మా మాటలేనని నేను పోల్చుకోలేదు.
ఆమె పైకి చదివాకే ముఖాలు తెలిశాయి:
"ఏమ్మా, అన్నం తిన్నావా?"
పద్దెనిమిదేళ్ళ తర్వాత అడగడానికి
అంతకంటే పెద్ద ప్రశ్న మాకు దొరకలేదు.

పెరట్లో జామచెట్టు కింద గొయ్యి తీద్దామని
పార అందుకున్నాను.
మా అమ్మ దాలమ్మ వచ్చి
గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.
"బతికున్న పిల్ల జుత్తు
మట్టిలో కప్పెట్టెస్తారేట్రా?"
అంతే అంది.
నాకు ముందు పుట్టినవాడు
వంశధార ఒడ్డున ఎక్కడున్నాడో,
ఏటికి ఎన్ని వరదలొచ్చి పోయినా,
ఇప్పటికీ ఆమె ఒక్కతే చూపించగలదు.
పార గోడకి ఆనించేశాను.

సరే, అటక మీదికి.
ఎక్కించే ముందు మరోసారి లెక్క చూసుకున్నాను.
పుట్టువెంట్రుకల పాయ చుట్టిన కాగితం
చేతికి తేలిగ్గా తగిలింది.
విప్పితే ఖాళీ.
అమ్మ కొంగు చివరి ముడి
సాయంత్రం కంటే కాస్త లావుగా ఉంది.
ఆమె పిల్లని కాళ్ళమీద ఊపుతూ
గోడకేసి చూస్తోంది.

అడగలేదు.
ఆ ఖాళీ కాగితం మీదే రాశాను:
"జుత్తు మామ్మ దగ్గరుంది. వెళ్ళి అడుగు."
హేమ దానికింద తన అక్షరాల్లో
అదే మాట దింపింది.
చివర ఏదో ఎక్కువ రాసినట్టనిపించి
ఏమిటన్నాను.

గిన్నె మీద గిన్నె సర్దుతూ,
క్లిప్పు నొక్కుతూ,
"తొందరగా" అంది.