పదకొండు కిలోమీటర్ల మనిషి

ఈ దారిన కారు రాదు.
ట్రాక్టరైనా అడ్డంగా దాటుతుందే తప్ప వెంట రాదు.
పట్టాలు పీకేసి ముప్పై ఏళ్ళు.
వాటి వెడల్పు మాత్రం ఇక్కడే ఉండిపోయింది
రెండు కంచెల నడుమ తెల్లగా, తిన్నగా,
ఊళ్ళను పలకరిస్తున్నట్టే ఉండి
ఏ ఊళ్ళోకీ పోకుండా.

టైరు కింద కంకర,
ఎవరో వేయించిన శనగలు నములుతున్నట్టు
పొద్దుటి నుంచీ ఒకటే చప్పుడు.

లిమోజ్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసి చేసి
నా చెవుల్లో మిషన్ల కూత ఒకటి ఇంకిపోయింది.
అది ఎక్కడ ఆగిందో గమనించలేదు.
బహుశా పాత గేటు దగ్గర,
ముళ్ళపొద సిగ్నల్ స్తంభాన్ని మింగేసిన చోట.
లేదా ఎర్రావులు తలలెత్తి
నన్ను బండనుకోవాలో మనిషనుకోవాలో తేలక
మళ్ళీ గడ్డిలోకి వంగినప్పుడు.

మధ్యాహ్నానికి సీసా ఖాళీ.
ఇక్కడ సైకిలు తొక్కేవాళ్ళందరికీ తెలిసిన రహస్యం ఒకటుంది:
ఊళ్ళో కాఫీ కొట్టు మూసేసినా, బేకరీ ఎత్తేసినా
సమాధుల తోటలో కుళాయి మాత్రం ఉంటుంది.

అక్కడ కనిపించాడు ఫిర్మాన్.
ఆకుపచ్చ ప్లాస్టిక్ క్యాను, మోకాళ్ళ దగ్గర అతుకేసిన నీలం ప్యాంటు.
భార్య ఒదెత్ మీద పూసిన బెగోనియాలకు నీళ్ళు పోస్తూ
నా టైర్లకంటిన దుమ్ము చూసి అన్నాడు:
"లైను మీద నించా?
ఆ రాళ్ళు పెద్దవిగా ఉన్నప్పటి నుంచీ ఎరుగుదును."

గ్యాంగ్‌మన్. ముప్పై నాలుగేళ్ళు.
భుజాన పార, సంచిలో రొట్టె, ఒక ఉల్లిపాయ.
అతనివి పదకొండు కిలోమీటర్లు
వంతెన నుంచి సొరంగం ఈవలి నోటి దాకా.
ఆవలిది ఆన్సెల్మ్‌ది. ఎవరి ముక్క వాళ్ళది.
"దాటడానికి నాకేం పని?"

"వాడో కోతలరాయుడు," క్యాను కింద పెట్టాడు.
"జీతాల రోజున గ్లాసు ముందు పెట్టుకుని చెప్పేవాడు,
ఆవలి నోటి పక్కన చెర్రీ చెట్టుందట,
జూన్ వస్తే టోపీ నిండా కోసుకుంటాడట.
ఒక్క పండు తెచ్చి పెట్టిన పాపాన పోలేదు.
నువ్వు అటు నించే కదా, ఉందా?"

సొరంగంలోంచి బయటపడగానే నేను చూసింది
హ్యాండిల్ మీది అంకెల్ని.
వేగం ఇరవై రెండు. ఎక్కిన ఎత్తు మూడొందల పది.
ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.
"సరిగ్గా గుర్తులేదు," అన్నాను.
పరీక్ష తప్పిన పిల్లను చూసినట్టు చూశాడు.

రాత్రి జిస్లేన్ గారి మేడగదిలో పడక.
మంచు విడవకముందే వెనక్కి తొక్కాను.
పదకొండూ కాళ్ళతో లెక్కపెట్టాను.
చిట్లిన చెస్ట్‌నట్ డొప్పలు,
అతను పేర్చిందేమో ఒక రాతిగోడ, నాచు పట్టి ఇంకా నిటారుగా.
సొరంగంలో మెడ మీద చుక్క, మరో చుక్క.
ఆవలి వెలుతురు బొత్తామంత, పళ్ళెమంత,
ఉన్నట్టుండి ఆకాశమంత.

చెట్టుంది.
కుడిపక్క, వంకరగా, సగం తీగల కింద.
అక్టోబరు కదా, పువ్వు లేదు;
పండ్లేవైనా ఉంటే పిట్టలు తినేసినట్టున్నాయి.
నర్సు బుద్ధి, నమూనా లేనిదే కదలదు.
చిన్న కొమ్మ తుంచి జేబులో పెట్టుకున్నాను.

ఫిర్మాన్ కళ్ళజోడు తుడిచాడు.
ఆకు నలిపి వాసన చూశాడు, కొమ్మను వేలితో తడిమాడు.
"అడవి ప్లమ్. నోట పెడితే వగరుకి నాలుక మడత పడుతుంది.
చెర్రీకి ముల్లెక్కడిది!"
అతని నవ్వుకి శిలువ మీది కాకి లేచిపోయింది.

తర్వాత క్యాను నింపాడు. ఒదెత్‌కి పోశాడు.
మళ్ళీ నింపాడు.
మూడు వరసలు దాటి,
అటెప్పుడూ నడవనివాడిలా తడబడుతూ,
పేరు సగం చెరిగిన రాయి దగ్గర ఆగి
ఆన్సెల్మ్ ఎండిన కుండీలో క్యానంతా ఒంపేశాడు.
కొమ్మనీ అందులోనే గుచ్చాడు.

"టోపీ నిండానట!" అన్నాడు,
నాతో కాదు.