అతుకు వేయని కొండ

పుత్తూరులో కట్లు కట్టే చేతులు నావి.
పదకొండేళ్లుగా
ఆదివారం పొద్దుగూకే వేళకి
ఒకడో ఇద్దరో కుంటుకుంటా ఎక్కుతారు వసారాలోకి,
మోకాళ్ల నిండా ఎర్రమట్టి,
మడమ ఒక పక్క, మొగం ఒక పక్క.
"యాడ పడితివి నాయనా?"
"కోనలో పెద్దమ్మా."

ఆకు నూరతా, గుడ్డుసొన కలపతా,
వెదురుదబ్బలు వరస పెడతా
ప్రతిసారీ అదే తిట్టు:
"ఆ రాళ్లల్లో ఏముందిరా మీ అబ్బ సొత్తు?"
నవ్వుతారు. నవ్వితే నొప్పి.
మళ్లా నవ్వుతారు.

నలభై దినాలకి కట్టు విప్పించుకున్న పీలేరు ఇర్ఫాను
పోతాపోతా గడపలో నిలబడి అన్నాడు:
"తిట్టేదానికైనా ఒకసారి చూసి తిట్టు."

కత్తిరి ఎండలు.
షేర్ ఆటోలో కొంత దూరం,
వాడి బైకు వెనక కొంత దూరం,
ఆపైన ఏటి ఇసకలో నా కాళ్ల మీద.
ఏరు అన్నాను గానీ నీళ్లు లేవు,
నీళ్లు నడిచిపోయిన గుర్తులున్నాయి.
బొమ్మజెముడు నీడలో ఒక తొండ
నన్ను చూసి తలూపింది,
రా రా అన్నట్టో, పో పో అన్నట్టో.

మలుపు తిరిగితే
కొండ రెండుగా విరిగి నిలబడి ఉంది.

ఎంత జనం!
మద్రాసు నుంచి బస్సేసుకొచ్చినోళ్లు,
బిర్యానీ పొట్లాలు, పాటల పెట్టె,
సెల్ఫోను ముందర మొగాలు వంచే కొత్త జంట.
వాళ్లందరి నెత్తిన, గోడకి,
రంగుతాళ్ల చివర బల్లుల మాదిరి పిల్లలు.
వాళ్లు పట్టుకున్న చోటల్లా తెల్లటి సుద్ద ముద్రలు,
పెళ్లింటి గోడ మీద సున్నం చేతుల్లాగా.

నేనూ చెయ్యి పెట్టినాను. అలవాటు.
బొటనవేలితో అంచు వెంబడి నొక్కుతా పోయినాను.
విరుపు యాడ మొదలయిందో వేలికి తెలుస్తుంది.
రాయి కాగి ఉంది, వాపు మీది వేడిలాగా.
ఇటు గోడలో ఎర్ర పొర, దాని కింద బూడిద పొర,
దాని కింద గోరంత తెల్లచార.
ఎదురు గోడలోనూ అవే, అదే ఎత్తున.
దగ్గరికి లాగి
దబ్బలు పెట్టి బిగించి చుడితే
అతుక్కునేట్టే ఉంది.
మనసులో కొలత కూడా తీసినాను,
ఎన్ని మూరల గుడ్డ, ఎన్ని గుడ్లు.
తిరపతి కోళ్లన్నీ ఏడాది పెట్టినా చాలవు.

మరి అతికితే?
ఈ సందులో తిరిగే గాలి యాడికి పోవాల?
ఆ పైన, ఎవరి చెయ్యీ అందని చోట
నల్లగా వేలాడే తేనెపట్టు?
ఈ విరుపుకి కట్టు కట్టినోళ్లు లేరు,
అడగొచ్చినోళ్లూ లేరు.

"ఎక్కుతావా?" అన్నాడు ఇర్ఫాను.
"పోరా" అన్నాను. అంటానే కొంగు దోపుకున్నాను.
చీర మీదనే నడుముకి పటకా బిగించినాడు,
తొడలకి రెండు వార్లు, తాడు, ముడి,
ముడి లాగి చూసి ఇంకో ముడి.
ఊరందరికీ నేను కట్టేదే గానీ
నన్నొకరు కట్టడం అదే మొదలు.

మూడడుగులు.
కాదు, నాలుగు.
కాలి బొటనవేలికి గోరంచంత రాయి దొరికింది.
ఒళ్లంతా ఆ రాయి మీద.
చెంప ఆన్చినాను.
కింద పాటల పెట్టె మోగతానే ఉంది,
అది నా చెవులకి కాదు, ఎవరి చెవులకో.
నా మణికట్టులో ఎనిమిది ఎముకలూ
ఒక్కొక్కటే పేరు చెప్పుకున్నట్టు మెదిలినాయి.
పదకొండేళ్లు పరాయి చేతుల్లో తడిమిన ఎముకలు
నాకూ ఉన్నాయని అప్పుడు తెలిసింది.

"దించరా!" అని అరిచినాను.
ఎదురు గోడ నా గొంతుతోనే
దించరా, దించరా అనింది.
జనం నవ్వినారు. నేనూ.

మూడు దినాలు వేళ్లు వంగలేదు.
ఆకు నూరేది ఎడమచేత్తో.
ఎవరికీ చెప్పలా.

మళ్లా ఆదివారం. పొద్దుగూకతా ఉంది.
అరవం మాట్లాడే చిన్నపిల్ల,
గోళ్ల సందుల్లో సుద్ద, ఉబ్బిన మణికట్టు.
తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది.
మింగినాను.
ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని అడిగినాను:
"ఎంత ఎత్తు దాకా పోతివి తల్లీ?"

ఏడుపు ఆపింది.
బాగుండే చెయ్యెత్తి వసారా దూలం చూపించింది.
కాదని తలూపి,
పెంకుల సందులో కనిపించే ఆకాశం వైపు
ఇంకొంచెం పైకి.