కిందోడికి అగుపడదు

మంగళవారం. షట్టరు సగం దించి
"అరగంటలో వస్తా" అని సుద్దముక్కతో రాసొచ్చాను.
పర్లాకిమిడిలో నా జాకెట్ల కోసం చూసేవాళ్ళు
ఇవాళ కాస్త ఆగుతారు.

చర్చి గోపురం తాళంచెవి ఇలియాస్ రైకా మొలతాడుకుంటుంది.
సవర కొండల మనిషి.
నాతో తెలుగు, పూలు తెచ్చిన పిల్లాడితో ఒడియా,
తాళం మొరాయిస్తే మాత్రం తన సొంత మాట.
"ఊరు చూడ్డానికా?" అన్నాడు.
అవునన్నాను. చిన్న అబద్ధమే.

నత్తగుల్లలో దూరినట్టు మెట్లు.
ఎడమచెయ్యి గోడ మీద, కుడిచేతిలో కుచ్చిళ్ళు.
యాభై దాకా తెలుగులో లెక్కపెట్టాను.
ఆయాసం రాగానే ఏకాబన, బాఉన, తేపన...
బడిలో ఎక్కాలు ఒడియాలో నేర్చినదాన్ని,
బరువెక్కితే లెక్క అటే పోతుంది.

మలుపుకో సన్న కిటికీ.
రెండు వంపులు ఎక్కి ఎక్కి మొనలో కలుసుకుంటాయి.
ఏ సముద్రాలు దాటొచ్చిన దొర నేర్పాడో గాని
జాకెట్టు వీపుకి నేను రోజూ వేసే వంపే,
నా కత్తెరకి కొత్త కాదు.

మా ముత్తాత కూర్మన్న రాళ్ళు చెక్కేవాడు.
వాన నీళ్ళు కక్కే రెక్కల మృగం బొమ్మ
కాగితం మీద గీసి ఇచ్చాడట దొర.
"సూడందాన్ని సెక్కలేను బాబూ" అన్నాడట ముత్తాత.
"చూసినదాన్నే చెక్కు" అన్నాడట దొర.
ఏం చెక్కాడో దిగొచ్చి ఎవరికీ చెప్పలేదు.

పోయిన మొదటి పెళ్ళామని నాయనమ్మ,
కూలి ఎగ్గొట్టిన మేస్త్రీ అని పెదనాన్న,
"ఏటో ఒక పిల్లి" అని మా అమ్మ.
"పైనుంటాదే, కిందోడికి అగుపడదు"
అంటూనే నాయనమ్మ వెళ్ళిపోయింది.
ఆడవాళ్ళని ఎక్కనివ్వని రోజులవి.

పైన గాలి. చెవుల్లో గాలి, కొంగులో గాలి.
మహేంద్రగిరి నెత్తిన తడిగుడ్డలా మబ్బు.
కోట గోడల మీద నాచు.
ఉండ జారి దొర్లిపోయిన దారంలా మహేంద్రతనయ.
అటు పాతపట్నం వైపు లారీల దుమ్ము.
ఆంధ్రాకి స్వాగతమని ఫోనుకి మెసేజీ,
కదలకుండా నిలబడ్డదానికి.

ఇంతలో ఒక డాబా మీద, వడియాల చాప పక్కన,
తీగ మీద వీపు తిప్పి ఆరుతున్న మెరూన్ జాకెట్టు.
నాదే. నడుం దగ్గర రెండుసార్లు విప్పి కుట్టాను.
ఎవరిదో గుర్తు రాలేదు, కొలతలు గుర్తొచ్చాయి:
ముప్ఫై ఆరు, పద్నాలుగున్నర.
నా పనిని ఇంత దూరంనుంచి ఎప్పుడూ చూళ్ళేదు.
కాసేపు ఊరంతా మానేసి దాన్నే చూశాను.

"ఈశాన్యం మూల" అన్నాడు ఇలియాస్.
ఎందుకొచ్చానో ముందే తెలుసులా ఉంది.
నా కొంగు తన పిడికిటికి రెండు చుట్లు చుట్టుకున్నాడు.
పిట్టగోడ మీదుగా వంగాను.

కళ్ళు లేవు. ముక్కు లేదు.
నూరేళ్ళ వానలు చెంపలు నాకేశాయి.
పెళ్ళామో మేస్త్రీయో పిల్లో, ఎవరైనా కావచ్చు.
నోరొక్కటే మిగిలింది, బాగా తెరిచి.
నోటినిండా పావురాల ఈకలు, మట్టి,
పండిన ఒక రిబ్బను ముక్క,
జానెడు రావి మొక్క.

దారాలు తెంపే చిన్న కత్తెర ఎప్పుడూ నడుం దగ్గరే.
వేళ్ళు కోసి పెళ్ళగించాను.
"తాతా, నోరు తియ్యి" అన్నాను,
తీసే ఉందని తెలిసి కూడా.

ఇలియాస్ సీసాలో నీళ్ళు వెనకనుంచి పోశాడు.
లోపల ఎక్కడో ఆగి, గుటక వేసి,
గొంతు సవరించుకుని
గబుక్కున దూకాయి కిందకి.

కింద ఎవరి నెత్తినో పడ్డట్టున్నాయి.
ఎవడో పైకి చూసి తిట్టాడు,
ఏ భాషలోనో గాలికి వినబడలేదు.
ఇలియాస్ చప్పున కూర్చున్నాడు, నేనూ కూర్చున్నాను,
పిట్టగోడ చాటున, బడి ఎగ్గొట్టిన పిల్లల్లా.

తిట్టుకోనీ. పైనున్నది ఎవరో
వాడికెలాగూ అగుపడదు.