పదహారో నంబరు ఉతుకు

ఉత్సుగి మొరిహిరో.
రికార్డు పుస్తకంలో ఒక్క వరుస:
మూడొందల పన్నెండు ఆటలు, నాలుగు గోల్స్,
యాభై ఒక్క పసుపు కార్డులు.
మిగతాదంతా నా చేతుల్లోంచి పోయింది
మురికినీళ్ళతో పాటు.

పద్నాలుగేళ్ళు అతని చొక్కాలు ఉతికాను.
మైదానం వెనక రేకుల షెడ్డు,
రెండు మెషీన్లు, ఒక సిమెంటు తొట్టి.
అన్నం డబ్బా మరిచినా సరే గొడుగు మరవకని
బడికెళ్ళే పిల్లలకి చెప్పే తీరం మాది.
ఇక్కడ ఉతికింది ఓ పట్టాన ఆరదు.

గోల్స్ కొట్టేవాళ్ళ బట్టలు నాకు తెలుసు.
పచ్చమరక మోకాళ్ళ దగ్గరే,
కొట్టాక జారి మోకరిల్లుతారు కదా, అందుకు.
గోలీకి ఒక పక్కనే మట్టి,
ఏ వైపు దూకడం ఇష్టమో ఇట్టే చెప్పేస్తుంది.
పదహారో నంబరుకి మాత్రం
ఒళ్ళంతా మైదానమే.
వీపు మీద ఎవరిదో బూటు అచ్చు,
ఎవరో పట్టి లాగితే సాగిన మెడపట్టీ,
కుడిచేతి అంచున పళ్ళగాట్లు.
అవి తనవే.
పెనాల్టీ చూడలేక కొరుక్కునేవాడు.

ఒకసారి టీవీలో మా గోల్ పదేపదే వేశారు.
కొట్టినవాణ్ణి చూపించారు, అందించినవాణ్ణి చూపించారు.
అందించినవాడికి బంతి ఎక్కణ్ణించి వచ్చిందో
చూపించేలోగా నూడుల్స్ ప్రకటన వచ్చింది.
ఆ రాత్రి తొట్టిలో నీళ్ళు నల్లబడుతుంటే
ఓహో, ఇక్కణ్ణించా, అనుకున్నాను.

పై డివిజన్‌లో ఒక్క ఏడాది ఉన్నాం.
దిగిపోయిన రోజు
అందరూ బట్టలు నేలకేసి కొట్టారు.
ఇతను తడిచొక్కా మడతపెట్టి తెచ్చి
"బురద ఎక్కువైంది, క్షమించండి" అని తల వంచాడు.
బురదకి క్షమాపణ ఏమిటి నాయనా,
అది నా జీతం.

ఎడమ మోకాలు రెండుసార్లు కోశారు.
తర్వాత చొక్కాలు శుభ్రంగా రావడం మొదలైంది.
కోచ్ కన్నా, డాక్టరు కన్నా
నాకే ముందు తెలిసింది.
బెంచీ మీద కూర్చున్నవాడి చొక్కాకి
ఏముంటుంది, కాస్త వాన తప్ప?
అయినా రెండుసార్లు జాడించేదాన్ని,
లేని మురికి పోయేదాకా.

ఆఖరి ఆట నవంబరులో.
ఎనభై ఎనిమిదో నిమిషంలో దింపారు.
ప్లాస్టిక్ వానకోట్లలో జనం చప్పట్లు కొడితే
రేవులో చేపలు కడుగుతున్నట్టు వినిపించింది.
ఉన్న రెండు నిమిషాల్లో
అక్కర్లేని చోట అడ్డంగా జారి
బారెడు బురద ఒంటికి పూసుకుని లేచాడు.
రిఫరీ కార్డు చూపించాడు. యాభై ఒకటి.
నవ్వొచ్చింది నాకు, కళ్ళు తుడుచుకున్నాను,
వానే అనుకోండి.

ఇప్పుడు రేవు దగ్గర
చేపముద్దల ఫ్యాక్టరీలో పని.
తెల్లకోటు, తెల్లటోపీ, రబ్బరు బూట్లు.
వచ్చిన ట్రే అందుకుని పక్కకి తిరిగేసరికి
ఎవరి చేతులు ఖాళీగా ఉన్నాయో
ముందే చూసుకుని ఉంటాడట.
మేస్త్రీ ఆశ్చర్యపోతున్నాడు.
నాకేం ఆశ్చర్యం?

ఆ ఆఖరి చొక్కా ఉతక్కుండా దాచావా అంటారు.
ఎందుకు దాస్తాను, ఉతికాను.
ఆరడానికి మూడు రోజులు పట్టింది.
నాలుగో రోజు వచ్చి తీసుకున్నాడు,
మెడ దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

"సబ్బు మార్చారు కదా," అన్నాడు,
"ఆరేళ్ళ కిందట."