ఏడో బిట్

పుస్తకంలో రాసుంది: ఏడో బిట్ సున్నాగానే ఉండాలి.
మిర్చి యార్డులో మస్తాన్‌వలి కాటా
పద్నాలుగేళ్లుగా ఒకటి పంపుతోంది.

పాత డ్రైవర్ ఆ బిట్ వంక చూసేదే కాదు.
నేను చూశాను. సరిదిద్దాను. నాలుగే లైన్లు.
బ్రాడీపేటలో, ఏసీ గదిలో, అన్ని పరీక్షలూ పాస్.

పొద్దున్నే యార్డుకెళ్లి ఎక్కించానో లేదో
కాటా మూగబోయింది.
టిక్కీల వెనక టిక్కీలు, ఘాటుకి తుమ్ములు.
"తూకం తప్పిందా మేడమ్?"
తూకం సరైందే, సున్నా దగ్గరే పేచీ
అని చెప్పబోతే దగ్గొచ్చింది.

కాటా చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.
కొత్తది కొనమందునా, సీజను నడుమ?

నాలుగు లైన్లూ ఉంచాను.
వాటి పైన ఐదోది రాశాను:
ఈ కాటా అయితే, చూడనట్టు ఉండు.
పక్కన కామెంటులో తేదీ, వలి పేరు,
ఇంకా నా కళ్లు మండుతున్న సంగతి.