పైన రాసినట్టే

అత్-బాషీ దారిని మంచు మూసేసిన రాత్రి
నా ఇనుప మంచం ఆసుపత్రిలోనే ఉండిపోయింది,
కాళ్ళు కట్టే తోలు పట్టీలతో సహా.
గుర్రమ్మీద నేనూ నా సంచీ మాత్రం వచ్చాం.

సైరగుల్‌కి తొలిచూలు.
గర్భద్వారం పూర్తిగా తెరుచుకుని రెండు గంటలు.
తల దిగదు.
తొడుగు వేసుకుని తడిమితే
మెత్తటి మాడు ముందువైపు తగిలింది.
బిడ్డ ఆకాశం చూస్తోంది,
తన వీపు తల్లి వెన్నుకి ఆనించి,
అలిగిన పిల్లలు ఎడమొహం పెడమొహంగా కూచున్నట్టు.

"వెల్లకిలా పడుకో" అన్నాను.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నోటికి అంటుకున్న మాట.
"నడుం విరుగుతోంది ఎజే" అని
నన్ను తోసేసి బోర్లా తిరిగింది.
ఉన్ని తివాచీ మీద మోకాళ్ళూ మోచేతులూ ఊని
పోయిన సూది వెతుకుతున్నదానిలా
తుంటి అటూ ఇటూ ఊపింది.

అత్త తుర్సునాయ్ ఏమీ అనలేదు.
మూలనున్న బకన్ తెచ్చింది.
వేసవిలో గుడారం నెత్తిమీది చక్రాన్ని
పైకెత్తే పంగల కర్ర.
నేలకీ దూలానికీ మధ్య నిట్టాడులా నిలిపి
తన భుజం ఆనించింది.

పిల్ల దాన్ని పట్టుకుని లేచింది,
గొంతుక్కూచుంది,
నొప్పి వచ్చినప్పుడల్లా వేలాడింది.
మధ్యలో ఒక మోకాలు ఎత్తి పెట్టింది.
ఎవరు చెప్పారో.
నేను కాదు.

మరి నేనెక్కడ ఉండాలి?
ఇన్నేళ్ళూ నిలబడింది నేను.
వాళ్ళు పడుకున్నారు,
నా కంటి ఎత్తుకి, నా దీపం వెలుగుకి,
నా నడుం వంగనవసరం లేనంత ఎత్తులో.
ఈ రాత్రి నేల మీద పడ్డాను.
చెంప ఉన్నికి ఆనించి,
టార్చి పళ్ళతో కరిచిపట్టి
కింది నుంచి పైకి చూశాను.

నా వేళ్ళ కింద తల తిరిగింది,
నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు.
ముందు ఒక చెవి దొరికింది.
చాలాసేపటికి నడినెత్తి, తడి జుట్టు.
"ఇప్పుడు ముక్కొద్దు, ఊదు" అన్నాను.
ఆ పిల్ల విన్న నా మాట అదొక్కటే.

తల్లి వెన్నువైపు మొహం తిప్పుకుని పుట్టింది,
అలక తీరి.
ఏడుపుకి ముందు ఒక తుమ్ము.

తెల్లారి రిజిస్టరు తెరిచాను.
ప్రసూతి భంగిమ అని ఒక గడి.
పేజీ నెత్తిన ఒకసారి వెల్లకిల,
ఆ కింద అన్నీ చుక్కలు, చుక్కలు,
పైన రాసినట్టే, పైన రాసినట్టే.
మోకాళ్ళు మండుతున్నాయి.
కలం పట్టుకుని కూచున్నాను.
"నిలబడి అని రాయనా, వేలాడి అని రాయనా?"

తుర్సునాయ్ బకన్ తుడిచి మూలకి చేర్చింది.
"ఏదో ఒకటి రాయి.
ముందు ఆ గుర్రానికి నీళ్ళు పెట్టు" అంది.